మా ఇంటి ప్రయాణాల లెక్క: ప్రాజెక్టు డైరీ

ఏప్రిల్, మొదటి వారం

పని ఇది. మా ఇంట్లోవాళ్లు 1970ల నుంచి ఇప్పటిదాకా చేసిన ప్రయాణాల్లో ఒక్కోదానికి ఒక్కో ఫైలు తయారు చేయాలి. ఎప్పుడు వెళ్లారు, ఎవరెవరు వెళ్లారు, ఏ దారిన వెళ్లారు, ఎంత ఖర్చయింది, ఎవరికి ఏం గుర్తుంది. కాగితాలు, ఫోటోలు, మాటలు మూడూ ఒకేచోట దొరకాలి. రేపు తమ్ముడి పిల్లలు "నానమ్మ కాశీకి ఎప్పుడు పోయింది?" అని అడిగితే ఒక్క నిమిషంలో తీసి చూపించగలగాలి.

సరుకంతా విద్యానగర్‌లోని మా ఇంటి అటక మీద ఒక ట్రంకు పెట్టెలోనూ, అమ్మ బీరువా కింది అరలోనూ ఉంది. బాపు (మా నాన్న) కేంద్ర ప్రభుత్వ ఆఫీసులో పనిచేశాడు, ప్రతి కాగితం దాచే మనిషి. అమ్మ జమాఖర్చుల పుస్తకం రాసే మనిషి. ఈ రెండు అలవాట్లు లేకపోతే ఈ పని మొదలయ్యేదే కాదు.

ముందుగా ట్రంకు పెట్టెను అటక మీంచి దించాం. హైదరాబాదులో మే నెల ఎండకు స్లాబు కింద అటక ఎంత వేడెక్కుతుందో చెయ్యి పెడితే తెలుస్తుంది. ఫోటోలకూ నెగెటివ్‌లకూ వేడి, తేమ రెండూ శత్రువులే. ఇంట్లో అన్నిటికంటే చల్లగా ఉండే నడిమి గదిలో, నేలకు కొంచెం ఎత్తులో, బయటి గోడకు తగలకుండా ఒక రాక్ ఖాళీ చేసి పెట్టాను.

ఏప్రిల్, మూడో వారం

ఫోటోలన్నీ ఒకవైపు, టికెట్లన్నీ ఒకవైపు, ఉత్తరాలన్నీ ఒకవైపు పెట్టేయాలని చేతులు లాగుతాయి. చూడ్డానికి చక్కగా ఉంటుంది కానీ దానివల్ల ఉన్న ఆధారం కూడా పోతుంది. ఒక కవర్లో రెండు రైలు టికెట్లు, ఒక లాడ్జి రసీదు, తేదీ లేని మూడు ఫోటోలు ఉన్నాయనుకోండి. టికెట్టు మీది తేదీయే ఆ ఫోటోల తేదీ. విడదీస్తే ఆ ఫోటోలు మళ్లీ అనాథలు. అందుకే ఏవి కలిసి దొరికాయో వాటిని కలిపే ఉంచాను. కవరు కూడా పారేయలేదు. దాని మీద బాపు పెన్సిలుతో రాసిన "మద్రాసు - వాపసు" అన్న మాటకు టికెట్టుతో సమానమైన విలువ ఉంది.

గుండుసూదులు, స్టేపుల్ పిన్నులు అన్నీ తుప్పు పట్టాయి. ఒక్కొక్కటీ మెల్లగా విప్పి తీయడానికే రోజులు పట్టింది. రబ్బరు బ్యాండ్లు కరిగి కాగితానికి అంటుకుపోయాయి. వాటి బదులు తెల్ల నూలు నాడా కడుతున్నాను. సుల్తాన్ బజార్‌లో ఏ టైలరింగ్ సామాన్ల దుకాణంలో అడిగినా ఇస్తారు.

మే

తేదీలు పట్టుకోవడం. ఈ ప్రాజెక్టులో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే, కాబట్టి కొంచెం విపులంగా రాసుకుంటున్నాను.

పాత రైలు టికెట్లు అట్ట ముక్కలు. సుమారు 57 మిల్లీమీటర్ల పొడవు, 30 మిల్లీమీటర్ల వెడల్పు. 19వ శతాబ్దంలో థామస్ ఎడ్మండ్‌సన్ అనే ఇంగ్లండు రైల్వే ఉద్యోగి మొదలుపెట్టిన పద్ధతి అది, మన దేశంలో కంప్యూటర్ టికెట్లు వచ్చేదాకా నడిచింది. మా దగ్గరున్న వాటి మీద ఊర్ల పేర్లు, చార్జీ, వరస నంబరు స్పష్టంగానే ఉన్నాయి. తేదీని మాత్రం మిషన్‌లో నొక్కారు, సిరా లేదు. మామూలుగా చూస్తే అట్ట అంచున ఏవో గీతలున్నట్టు ఉంటుంది, అంతే. గదిలో లైటు ఆపేసి, టికెట్టును బల్ల మీద పరిచి, సెల్‌ఫోన్ టార్చిని దాదాపు బల్లకు ఆనించి పక్క నుంచి కొడితే గుంటల్లో నీడ పడి అంకెలు పైకి లేస్తాయి. టార్చిని నెమ్మదిగా చుట్టూ తిప్పాలి. ఒక కోణంలో 8 లాగా ఉన్నది ఇంకో కోణంలో 3 అవుతుంది. రెండు మూడు వైపుల నుంచి ఫోటోలు తీసి పక్కపక్కన పెట్టుకుని నిర్ధారించుకుంటున్నాను.

టికెట్లు లేని ప్రయాణాలకు ఎల్‌టీసీ (ఉద్యోగుల సెలవు ప్రయాణాల ఖర్చు ప్రభుత్వం ఇచ్చే రాయితీ) కాగితాలు దారి చూపిస్తున్నాయి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు నాలుగేళ్లు ఒక బ్లాకు: 1986-89, 1990-93, 1994-97, అలా. ఒక్కో బ్లాకులో దేశంలో ఎక్కడికైనా వెళ్లే వెసులుబాటు ఒకసారి. బాపు ఆ అవకాశాన్ని ఎప్పుడూ వదల్లేదు. కాబట్టి ఏ దూరప్రయాణం ఏ బ్లాకులో పడిందో తెలిస్తే వెతకాల్సింది నాలుగేళ్లలోనే. క్లెయిమ్ నకళ్లలో టికెట్ నంబర్లు, బయలుదేరిన గంట, చేరిన గంట కూడా ఉన్నాయి. ఆఫీసు కోసం రాసిన కాగితమైనా, ఆ మనిషి ఎన్ని గంటలకు ఏ ప్లాట్‌ఫారం మీద దిగాడో చెబుతోంది.

పిల్లల వయసు ఇంకో ఆనవాలు. అప్పట్లో అయిదేళ్ల లోపు పిల్లలకు టికెట్టు లేదు, అయిదు నుంచి పన్నెండు లోపు హాఫ్. 1987 కాశీ టికెట్లలో రెండు ఫుల్, ఒక హాఫ్. హాఫ్ నాది. తమ్ముడికి అప్పుడు నాలుగేళ్లు, వాడి పేరున ఏమీ లేదు.

పోస్టుకార్డుల మీద తపాలా ముద్ర అరిగిపోయినా పక్కనుండే చిరునామా పనికొస్తుంది. పిన్‌కోడ్ 1972 ఆగస్టు 15న వచ్చింది. ఆరంకెల నంబరు ఉంటే ఆ కార్డు దాని తర్వాతిదే. లేకపోతే అంత కచ్చితంగా చెప్పలేం, చాలామంది పిన్‌కోడ్ రాయడం అలవాటు చేసుకోవడానికి చాలా ఏళ్లు పట్టింది.

పండుగలు, జాతరలు కూడా సాక్షులే. మేడారం ఫోటోల వెనక ఏమీ రాసి లేదు. కానీ సమ్మక్క సారలమ్మ జాతర రెండేళ్లకోసారి, మాఘమాసంలో, సరి సంవత్సరాల్లో వస్తుంది. ఫోటోలో తమ్ముడి ముందుపళ్లు రెండూ ఊడి ఉన్నాయి. దీన్నీ దాన్నీ కలిపితే 1990 అని తేలింది. పుష్కరాలైతే ఇంకా సులువు. గోదావరికి 1979, 1991, 2003, 2015. కృష్ణకు 1980, 1992, 2004, 2016. ధర్మపురి రేవులో మేనత్త తడిబట్టలతో నిలబడిన ఫోటో నలుపు తెలుపు, కాబట్టి మా ఇంటి లెక్కలో అది 1979. 1991 నాటికి మా దగ్గర రంగుల ఫిల్మే వాడుతున్నారు.

బండ్ల నంబరు ప్లేట్లను భూతద్దంతో చూస్తున్నాను. ఏపీ 09 లాంటి నంబర్లు 1989లో కొత్త మోటారు వాహనాల చట్టం అమలయ్యాక వచ్చినవి. అంతకుముందు మూడు అక్షరాల పాత నంబర్లు. టీఎస్ ఉంటే 2014 తర్వాత, టీజీ ఉంటే 2024 తర్వాత. ఊరి నుంచి చుట్టాలు వచ్చినప్పుడల్లా ట్యాంక్‌బండ్ మీద తీసిన ఫోటోలకు బుద్ధుడే కొలబద్ద. విగ్రహం 1990 మార్చిలో తీసుకెళ్తుండగా హుస్సేన్‌సాగర్‌లో పడిపోయింది, మళ్లీ పైకి తీసి 1992 డిసెంబరు 1న నిలబెట్టారు. నీళ్ల నడుమ బుద్ధుడు లేడంటే ఫోటో అంతకు ముందుది. చుట్టాలు మన ఊరికి రావడం కూడా ప్రయాణమే కదా, వాళ్ల వైపు నుంచి చూస్తే. వాటికీ ఫైళ్లు తెరిచాను.

జూన్, మొదటి వారం

రామేశ్వరం ప్రయాణం ఎప్పటిదో తేలింది. అమ్మ మాత్రం అది కాశీ కంటే ముందే అంటుంది. "తమ్ముడు ఇంకా బడికి పోతలేడు బిడ్డా, నాకు మంచిగ యాదికుంది" అని ఒకటే మాట. ఎల్‌టీసీ కాగితం దొరకలేదు, టికెట్లు లేవు. ఉన్నది బాపు పాంబన్ వంతెన మీద రైలు కిటికీలోంచి తీసిన ఒక ఫోటో. సముద్రం, కింద రాళ్లు, పక్కన ఎత్తుగా రోడ్డు వంతెన, దాని మీద ఒక బస్సు. ఆ పాత రైలు వంతెన 1914లోనే వచ్చింది. రోడ్డు వంతెన మాత్రం 1988 అక్టోబరు 2న తెరిచారు. అంతకుముందు రామేశ్వరానికి వంతెన మీదుగా రైలు తప్ప వేరే దారి లేదు. బస్సు పోతోందంటే ఆ ప్రయాణం కాశీ తర్వాతే.

అమ్మకు ఫోటో చూపించాను. చాలాసేపు చూసి, "అయితే బడికి పోనిది కాశీ కాడ" అంది. రెండు ప్రయాణాల్లోనూ తమ్ముణ్ని ఎత్తుకుని మెట్లెక్కిన జ్ఞాపకం ఒకటిగా కలిసిపోయింది. ఫైల్లో తేదీ మార్చాను కానీ, అమ్మ మొదట చెప్పింది కూడా అలాగే రాసి ఉంచాను. ఆ మాటను కొట్టేయకూడదు.

జూన్, చివరి వారం

అమ్మ జమాఖర్చుల పుస్తకాలు.

ఇవి చదివాక ఈ ప్రాజెక్టు గురించి నా ఆలోచన ఒక కొలిక్కి వచ్చింది. ఫోటో మనం ఎక్కడ నిలబడ్డామో చెబుతుంది. ఖర్చుల పుస్తకం ఎలా పోయామో చెబుతుంది. ఫోటోల్లో అందరం కొత్త బట్టలు వేసుకుని గుడి ముందు వరసగా నిలబడి ఉంటాం. మధ్యలోని ఆకలి, నిద్ర, కూలీతో బేరం, పిల్లల జ్వరం ఏవీ అందులో లేవు. అమ్మ పుస్తకంలో అన్నీ ఉన్నాయి.

గీతల నోటుబుక్కు, నీలం సిరా, ఎడమవైపు వస్తువు, కుడివైపు రూపాయలు పైసలు. 1987 కాశీ ప్రయాణం పేజీలో మొదటి వరస: "ఆఫీసు అడ్వాన్సు జమ." దాని కింద మట్టి కూజా, కూజాకు అల్లిన తాడు, అటుకులు, సత్తుపిండి, నిమ్మకాయ తొక్కుకు చిన్న జాడీ. సికింద్రాబాద్ స్టేషన్ కూలీ. తర్వాత నాగపూరులో నారింజలు. ఇటార్సీలో బండి మారారు, అక్కడ మళ్లీ కూలీ, పిల్లలకు పాలు. పాల పక్కన బ్రాకెట్లో "వేడిగా లేవు". ఆ రెండు మాటల దగ్గర ఆగిపోయాను. ముప్పై దాటిన వయసులో, నాలుగేళ్ల పిల్లాణ్ని ఒళ్లో పెట్టుకుని, తెలియని ఊరి ప్లాట్‌ఫారం మీద నిలబడి కొన్న పాలు వేడిగా లేవని రాత్రి గుర్తుపెట్టుకుని రాసింది.

కాశీలో పడవ, గంగ చెంబులు, వాటి మూతులు మూయించిన కూలీ. విశ్వనాథుడి గుడి దగ్గర పూలు. అన్నపూర్ణ గుడి. ఒక దినం మొత్తం కింద "మందులు" అని ఒకే మాట, ఇంకేమీ లేదు. ఆ రోజు ఎవరికి ఒంట్లో బాగోలేదో పుస్తకం చెప్పలేదు. అడగాల్సిన ప్రశ్నల చీటీలో రాసుకున్నాను.

ఇంకో సంగతి పుస్తకంలో లేకపోవడం వల్ల దొరికింది. ప్రతి ఏడాదీ దసరా ముందు నుంచి దీపావళి దాకా సీతాఫలాల ఖర్చు ఉండేది, గంపల లెక్కన. 1987 కార్తీకం తర్వాత సీతాఫలం అన్న మాటే మళ్లీ కనపడలేదు. కాశీకి పోయినవాళ్లు తమకు ఇష్టమైనది ఒకటి అక్కడ వదిలేసి వస్తారు. అమ్మ ఏం వదిలిందో మాకెప్పుడూ చెప్పలేదు, మేమూ అడగలేదు. పుస్తకంలో ఆ వరస ఆగిపోయింది కాబట్టి తెలిసింది.

మనవాళ్లకు ఇలా లెక్కలు రాసుకుంటూ ప్రయాణించడం కొత్త కాదు. 'కాశీయాత్ర చరిత్ర' రాసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరి, మన హైదరాబాదు మీదుగా వెళ్లి, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరాడు. దారి పొడుగునా ఏ మజిలీ ఎంత దూరం, అక్కడ ఏం దొరుకుతుంది, నీళ్లెలా ఉన్నాయి అన్నది రాసుకున్నాడు. ఆ కాలం దారులు ఎలా ఉండేవో ఈరోజు మనకు తెలుస్తోందంటే ఆ వివరాల వల్లే. అమ్మ ఆయన పేరు విని ఉండకపోవచ్చు, కానీ చేసింది అదే పని.

అందుకని ఒక నిర్ణయం తీసుకున్నాను. ఒక్కో ప్రయాణం ఫైల్లో మొదటి పేజీ ఫోటో కాదు, అమ్మ ఖర్చుల పేజీ.

జూలై

స్కానింగ్. వానలు మొదలయ్యాయి, గాలిలో తేమ పెరిగింది, కాబట్టి త్వరగా కానివ్వాలి. డబ్బాల్లో సిలికా జెల్ పొట్లాలు వేశాను. నీలం గింజలు గులాబీ రంగుకు తిరిగితే తేమ పీల్చుకోవడం అయిపోయినట్టు. మెల్లగా వేడిచేసి ఆరబెడితే మళ్లీ నీలమవుతాయి.

స్కానర్ సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చినాయ్ ట్రేడ్ సెంటర్లో సెకండ్ హ్యాండ్‌లో దొరికింది. నెగెటివ్‌లకు పైనుంచి వెలుతురు ఇచ్చే మూత ఉన్న రకం కావాలని పట్టుబట్టి తిరిగాను. ఆ మూత లేకపోతే ఫోటోలు, కాగితాలు మాత్రమే వస్తాయి, నెగెటివ్‌లు రావు.

నేను పెట్టుకున్న కొలతలు: ప్రింట్లకు 600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కలు), 35 ఎంఎం నెగెటివ్‌లకు 3200, పెద్ద నెగెటివ్‌లకు 2400. ఖర్చుల పుస్తకాలు, ఉత్తరాలకు 400 సరిపోతుంది, కానీ రంగుల్లోనే స్కాన్ చేయాలి. నలుపు తెలుపులో చేస్తే సిరా రంగు తేడా పోతుంది. అమ్మ తర్వాత చేర్చిన వరసలు వేరే పెన్నుతో ఉన్నాయి, ఆ సంగతి రంగే చెబుతుంది. అసలు కాపీ టిఫ్‌లో (నాణ్యత తగ్గని పెద్ద ఫైలు), అందరికీ పంపడానికి జేపెగ్‌లో (చిన్న ఫైలు).

పెద్ద నెగెటివ్‌లు బాపు ఆగ్ఫా క్లిక్ త్రీ కెమెరావి. 120 ఫిల్ము, ఒక రోలుకు పన్నెండు చదరపు ఫోటోలు. కొన్ని ఫిల్ముల అంచున "ఇందు" అని ఉంది. ఊటీలోని హిందుస్తాన్ ఫోటో ఫిల్మ్స్ వాళ్ల సరుకు. అంత పెద్ద నెగెటివ్‌లో ఎంత వివరం దాగి ఉంటుందో స్కాన్ చేసి పెద్దది చేస్తే తప్ప తెలియదు. అరచేతిలో పట్టే పాత ప్రింటులో కనపడని స్టేషన్ బోర్డు, దాని మీద మూడు భాషల్లో ఊరి పేరు, కింద సముద్రమట్టం నుంచి ఎత్తు, అన్నీ చదవగలిగాను. ఆ ఊరు కాజీపేట.

1990ల ఆల్బమ్‌లు ఇబ్బంది పెడుతున్నాయి. జిగురు గీతల మీద ఫోటో పెట్టి పైన ప్లాస్టిక్ కప్పే రకం. జిగురు పసుపెక్కింది, ఫోటోలు గట్టిగా పట్టుకున్నాయి. గోరుతో లేపితే మూల వంగి విరుగుతుంది. పళ్ల మధ్య శుభ్రం చేసుకునే సన్న దారాన్ని, మైనం పూయనిదాన్ని, ఒక మూల నుంచి ఫోటో వెనకగా దూర్చి రంపంలా ఇటూ అటూ ఆడిస్తూ కిందికి తెస్తే ఊడొస్తోంది. రానివాటిని బలవంతం చేయకుండా ప్లాస్టిక్ తీసి, పేజీని అలాగే స్కానర్ మీద పెడుతున్నాను.

యాషికా రోజుల ఫోటోల్లో మూలన నారింజ రంగు తేదీలు పడ్డాయి. చూడగానే నమ్మబుద్ధవుతుంది, కానీ బ్యాటరీ మార్చినప్పుడల్లా కెమెరా తేదీ మొదటికి పోతుంది. అమ్మ పుస్తకంతో సరిచూశాకే రాసుకుంటున్నాను.

థర్మల్ కాగితాలను మిగతావాటికంటే ముందు పూర్తి చేశాను. ఈ మధ్యకాలపు బస్సు టికెట్లు, బోర్డింగ్ పాసులు, హోటల్ బిల్లులు అన్నీ వేడికి నల్లబడే పూతతో చేసిన కాగితమే. సిరా లేదు, అందుకే వెలుగుకూ వేడికీ అక్షరాలు పాలిపోతాయి. 1979 అట్ట టికెట్టు ఈరోజుకీ చదవగలను, 2016 కృష్ణా పుష్కరాల బస్సు టికెట్టు తెల్లకాగితమైపోయింది. ల్యామినేషన్ చేయిస్తే ఆ వేడికి మొత్తం నల్లబడుతుంది. వాసన వచ్చే మెత్తటి ప్లాస్టిక్ కవర్లలో పెట్టినా అక్షరాలు పోతాయి. ఇకనుంచి మా ఇంట్లో నియమం: టికెట్టు చేతిలో పడగానే ఫోటో.

ఆగస్టు

తమ్ముడు, నేను తిరిగిన కాలపు ఫోటోలు. డిజిటల్ కెమెరా, ఆ తర్వాత ఫోన్లు. బొమ్మలు వేలల్లో ఉన్నాయి, వివరం తక్కువ. ఫోటో ఫైలు లోపలే తేదీ, గంట, చాలాసార్లు స్థలం కూడా నమోదై ఉంటాయి, అది మంచిదే. కానీ వాట్సాప్‌లో వచ్చిన ఫోటోల్లో ఆ వివరాలు తీసేసి ఉంటాయి. ఫైలు పేరులో కనపడే తేదీ మనకు అందిన తేదీ మాత్రమే, తీసిన తేదీ కాదు. తమ్ముణ్ని అసలు ఫైళ్లు పంపమని అడిగాను.

విదేశం వెళ్లినప్పుడు తీసిన వాటిలో ఫోన్ అక్కడి టైము చూపిస్తుంది, పాత కెమెరా మన టైములోనే ఉంటుంది. పొద్దున అల్పాహారం ఫోటో రాత్రి భోజనం తర్వాత వస్తోంది. రెండింటిలోనూ కనిపించే ఒకే దృశ్యాన్ని పట్టుకుని తేడా లెక్కగట్టి సరిచేశాను. పాస్‌పోర్టు ముద్రలు ఇక్కడ ఎంతో అక్కరకొచ్చాయి. గడువు తీరిన పాస్‌పోర్టులను జాగ్రత్తగా ఉంచుకోవాలి. ఏ ఫోటో తప్పినా ఆ ముద్రలు తప్పవు. బేగంపేట నుంచి ఎగిరిన ప్రయాణాలన్నీ 2008 మార్చికి ముందువే, ఆ నెలలోనే విమానాలు శంషాబాద్‌కు మారాయి.

ఊర్ల పేర్లతో ఒక చిక్కు. స్ప్రెడ్‌షీట్‌లో చెన్నై అని వెతికితే బాపు ప్రయాణాలు ఒక్కటీ రావు, ఆయన రాసిందంతా మద్రాసే. అలాగే బొంబాయి, కలకత్తా, వాల్తేరు, అలహాబాద్. బాపు రాసిన పేరు ఒక గడిలో, ఇప్పటి పేరు పక్క గడిలో పెట్టాను. బాపు పేరును మార్చి రాయడం నాకు సమ్మతం కాదు. ఆయన ఎక్కిన బండి మద్రాసుకే పోయింది.

సెప్టెంబరు, రెండో వారం

మాటలు రికార్డు చేయడం. ఇది ఏప్రిల్ నుంచీ నడుస్తూనే ఉంది, ఇప్పుడు మిగతా పనులన్నీ పక్కన పెట్టి దీని మీదే కూర్చున్నాను. కాగితం ఇంకో పదేళ్లు ఆగుతుంది. అమ్మకు డెబ్బై దాటాయి, చిన్నాన్నకు అంతకంటే ఎక్కువ.

"కాశీ ప్రయాణం గురించి చెప్పమ్మా" అంటే "ఏముంది బిడ్డా, పోయినం, మొక్కినం, వచ్చినం" అంటుంది. అదే ఇటార్సీ అట్ట టికెట్టు చేతిలో పెట్టి, "ఇక్కడ పాలు వేడిగా లేవని రాశావు, ఎవరు తెచ్చారు?" అని అడిగితే అరగంట ఆగదు. చిన్న వస్తువు, చిన్న ప్రశ్న. ఫ్యాను ఆపి, కుక్కర్ పెట్టని వేళ చూసుకుని, ఫోన్‌ను బల్ల మీద మడిచిన తువ్వాలు మీద పెట్టి రికార్డు చేస్తున్నాను. మొదట్లోనే తేదీ, ఎవరు మాట్లాడుతున్నారో నేను చెబుతాను. మధ్యలో అడ్డురాను.

మందుల రోజు గురించి అడిగాను. జ్వరం నాకట. రాత్రంతా బాపు సత్రం వరండాలో నన్ను భుజాన వేసుకుని తిరిగాడట. ఆ తర్వాత అమ్మ తనంతట తానే గయలోని పండా (క్షేత్ర పురోహితుడు) సంగతి ఎత్తింది. దాన్ని ఉన్నదున్నట్టు ఇక్కడ రాసుకుంటున్నాను:

"గయల పండా ఒక పెద్ద పుస్తకం తీసిండు బిడ్డా. పొడుగ్గుంది, ఎర్ర గుడ్డల చుట్టి ఉంది. మీ ఊరేది, మీ తాత పేరేంది అని అడిగిండు. మీ బాపు చెప్పిండు. పేజీలు తిప్పుతడు, తిప్పుతడు, నేననుకున్న, ఏం దొరుకుతది ఇంత దూరంల అని. ఒక్క కాడ ఆపి ఇగో అన్నడు. జూస్తే మీ తాత సంతకం, తెలుగుల. ఊరి పేరు, ఇంటి పేరు, ఎంబడొచ్చినోళ్ల పేర్లు. మీ బాపు మాట్లాడలే. ఆ పేరు మీద గిట్ల వేలు పెట్టి కూసున్నడు. అటెనుక కింద తన పేరు రాసిండు, నా పేరు రాసిండు, మీ ఇద్దరి పేర్లు రాసిండు."

ఇది నాకు తెలియదు. ట్రంకు పెట్టెలో దీనికి ఒక్క కాగితం లేదు, ఖర్చుల పుస్తకంలో "పండాకు దక్షిణ" అని తప్ప. గయ, కాశీ, హరిద్వార్ లాంటి క్షేత్రాల్లో పండాలు తమ యజమానుల కుటుంబాల వివరాలు ఊరి వారీగా తరతరాలుగా రాసి ఉంచుతారని తెలుసు. అందులో మా ఇల్లూ ఉందని తెలియదు. మా తాత గయకు వెళ్లిన సంగతికి మా దగ్గర ఇంకే ఆధారమూ లేదు. ఆ ప్రయాణం రికార్డు మా ఇంట్లో లేదు, వేరేవాళ్ల ఇంట్లో ఎర్ర గుడ్డలో చుట్టి ఉంది.

సెప్టెంబరు, చివరి వారం

చిన్నాన్నను మల్కాజిగిరిలో కలిశాను. తాత గయకు పోయినప్పుడు తనకు ఆరేడేళ్లట. ఊరంతా డప్పులతో సాగనంపిందని, తిరిగొచ్చాక గంగపూజ చేసి అందరికీ భోజనాలు పెట్టారని చెప్పాడు. ఎవరెవరు వెంట వెళ్లారో మూడు పేర్లు చెప్పాడు. అమ్మ చెప్పిన దాంట్లో ఒకటి కలిసింది, రెండు కలవలేదు. రెండు మాటలూ ఎవరు చెప్పారన్న గుర్తుతో ఫైల్లో ఉన్నాయి.

చిన్నాన్న స్మార్ట్‌ఫోన్ వాడడు. ఆయన కోసం ఇప్పటిదాకా అయిన ఫైళ్లను పెద్ద అక్షరాలతో ప్రింటు తీసి స్పైరల్ బైండింగ్ చేయించి ఇచ్చాను. మర్నాడే ఫోన్ చేసి, ధర్మపురి ఫోటోలో మేనత్త పక్కనున్నావిడ ఎవరో చెప్పాడు. కాపీలు పంచితే ఇదీ లాభం, ప్రతి కాపీ ఒక కొత్త సంగతి పట్టుకొస్తుంది.

డిజిటల్ కాపీలు మూడు చోట్ల: ఇంట్లో ఒక హార్డ్ డిస్క్, క్లౌడ్‌లో ఒకటి, బెంగళూరులో తమ్ముడి దగ్గర ఇంకో హార్డ్ డిస్క్. ఒకే ఇంట్లో ఎన్ని కాపీలున్నా ఒక వానకో ఒక మంటకో అన్నీ పోతాయి. తమ్ముడు ఏటా సంక్రాంతికి వచ్చేటప్పుడు తన డిస్క్ తెచ్చి సరిచూసుకుంటానని ఒప్పుకున్నాడు.

అక్టోబరు

గయ ప్రయాణం ఖాయమైంది. పితృపక్షంలో జనం ఎక్కువ, అందుకే అది దాటాక, చలి ముదరక ముందే వెళ్తున్నాం. సికింద్రాబాద్ నుంచి దానాపూర్ ఎక్స్‌ప్రెస్‌లో పండిట్ దీన్‌దయాళ్ ఉపాధ్యాయ జంక్షన్ దాకా వెళ్లి, అక్కడ గయకు బండి మారాలి. అమ్మకు ఆ పేరు చెబితే తెలియలేదు, మొగల్‌సరాయ్ అంటే వెంటనే "ఆ, గక్కడ వంతెన ఎక్కాలె" అంది.

వెంట తీసుకెళ్లాల్సినవి రాసి పెట్టుకున్నాను. తాత, ముత్తాతల పేర్లు, గోత్రం, ఇంటిపేరు. ఊరి పేరు అప్పటిది, అప్పటి తాలూకా, నిజాం కాలపు జిల్లా పేరు కూడా, ఎందుకంటే పండాల పుస్తకాల్లో వెతికేది ఊరిని బట్టే. 1987లో దక్షిణ ఇచ్చినప్పుడు అమ్మ రాసుకున్న పండా ఇంటి గుర్తు. పుస్తకం పేజీని ఫోటో తీసుకోవచ్చా అని ముందు అడగాలి, అది వాళ్ల ఇంటి ఆస్తి. ఒప్పుకుంటే ఫ్లాష్ లేకుండా, పగటి వెలుతురులో, పేజీ మొత్తం వచ్చేలా ఒకటి, తాత సంతకం దగ్గరగా ఒకటి, బాపు రాసిన వరస ఒకటి. ఒప్పుకోకపోతే అమ్మ చదువుతుంటే నేను రాసుకుంటాను.

చిన్నాన్న కూడా వస్తానన్నాడు. ఆయనకూ అమ్మకూ లోయర్ బెర్తులు దొరికాయి. ఖర్చుల పుస్తకం ఈసారి కూడా అమ్మే రాస్తానంది, కొత్త నోటుబుక్కు కోఠిలో కొనిచ్చాను.